నెలకు ఎన్ని ప్రదర్శనలు ఒప్పుకోవాలి? గాయని గొంతు విషయంలో మా బ్యాండ్‌లో వచ్చిన చిక్కు

నాలుగు తంతులు (ప్రశ్న)

మాది నలుగురు సభ్యులున్న చిన్న బ్యాండ్. ఒక గాయని, గిటారు వాయించే మిత్రుడు, డ్రమ్మర్, బేస్ గిటారు వాయించే నేను. మాకు మేనేజరు లేడు, ఏ రికార్డింగ్ సంస్థతోనూ ఒప్పందం లేదు. పాటలు కట్టుకునేదీ మేమే, ప్రదర్శన ఉందని నలుగురికీ చెప్పుకునేదీ మేమే, అర్ధరాత్రి దాటాక డ్రమ్స్ విప్పి మెట్ల మీదుగా దింపుకునేదీ మేమే. కలిసి వాయించడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. మొదటి ఏడాది మొత్తం మీద 6 ప్రదర్శనలు ఇచ్చి పొంగిపోయాము. ఈ ఏడాది ఇంకా మూడు నెలలు మిగిలి ఉండగానే 22 అయ్యాయి.

ఇంతలో మా గాయని, ఇకమీదట నెలకు ఒక ప్రదర్శనకు మించి రాలేనని తేల్చి చెప్పింది. ప్రదర్శన జరిగిన మరునాడు ఆమె గొంతు బొంగురుపోతోంది. వారం తిరక్కుండా ఇంకొకటి వచ్చిందంటే ఆ బొంగురుతోనే వేదిక ఎక్కవలసి వస్తోంది. గిటారు మిత్రుడిది వేరే వాదన. పిలిచినప్పుడు వెళ్ళకపోతే రెండోసారి పిలవరని, మాలాంటి చిన్న బ్యాండ్‌ను జనం మరచిపోవడానికి రెండు నెలలు చాలునని అతడు అంటాడు. డ్రమ్మర్ ఇద్దరి మాటలకూ తలూపుతాడు. నేను ఎవరి వైపూ పూర్తిగా మొగ్గలేక ఇక్కడ రాస్తున్నాను.

గత ప్రదర్శనలో జరిగింది చెబితే మా పరిస్థితి మీకు అర్థమవుతుంది. గది చిన్నది, వేదిక అంటే జానెడు ఎత్తున్న చెక్క బల్ల. నేను ఎడమవైపు, గిటారు కుడివైపు, వెనుక డ్రమ్స్, ముందు గాయని. నాలుగో పాట మధ్యలో ఆమె మా వైపు తిరిగి అరచేతిని నేలకేసి రెండుసార్లు అదిమింది. శబ్దం తగ్గించమని ఆమె ఉద్దేశం. లయ నెమ్మదించమంటోందని గిటారు మిత్రుడు అనుకున్నాడట. డ్రమ్మర్ ఆ సమయంలో తల వంచుకుని ఉన్నాడు. నేను చూశాను, నాకు అర్థమైంది కూడా; అయినా తగ్గించలేదు, ఎందుకంటే అప్పటికే నా బేస్ నాకే సరిగా వినబడడం లేదు. మిగిలిన ఐదు పాటలూ ఆమె గొంతు చించుకుని పాడింది. సామాను సర్దుకునేటప్పుడు మాతో సైగలతోనే మాట్లాడింది.

ఆ రాత్రి వచ్చినవారు 31 మంది. వారిలో 20 మంది దాకా మాకు తెలిసినవారే, వారిలోనూ చాలామంది అంతకు రెండు వారాల ముందు జరిగిన ప్రదర్శనకు వచ్చినవారే. ప్రవేశ రుసుములో మాకు వచ్చిన వాటా వ్యాను అద్దెకు సరిపోలేదు. తలా కొంత వేసుకున్నాము, అంటే చేతి చమురు వదిలింది. తిరుగు ప్రయాణంలో ఎవరి మాట మీద ఎంతమంది వచ్చారన్న లెక్క మొదలైంది. అది అక్కడితో ఆగక, అసలు పాటలు ఎవరివన్న దాకా వెళ్ళింది. మాటలు గాయని రాస్తుంది, బాణీలు ఎక్కువగా గిటారు మిత్రుడివి. కానీ నలుగురం కూర్చోకుండా తయారైన పాట ఒక్కటీ లేదు. వచ్చే నెలలో నాలుగు పాటలు రికార్డు చేసి విడుదల చేద్దామనుకుంటున్నాము కాబట్టి ఆ ప్రస్తావన మళ్ళీ రాక మానదు.

నెలకు ఎన్ని ప్రదర్శనలు ఒప్పుకోవడం సబబు? కాదన్నంత మాత్రాన నిజంగానే పిలుపులు ఆగిపోతాయా? ఈ దారిలో ఎక్కువ కాలం నడిచినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

మిక్సర్ వెనుక

నాలుగు తంతులు గారూ, పదకొండేళ్ళుగా చిన్న వేదికల దగ్గర సౌండ్ చూస్తున్నాను. మీరు ప్రదర్శనల సంఖ్య అడిగారు గానీ, నా దృష్టి మాత్రం ఆ అరచేతి దగ్గరే ఆగిపోయింది.

చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో దీన్ని వివరిస్తూ ప్రచురించాడు. ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతో లొంబార్డ్ ప్రభావం అనే పిలుస్తారు. ఇది కావాలని చేసే పని కాదు కాబట్టి, మెల్లగా పాడమని గాయనికి ఎన్నిసార్లు చెప్పినా ఉపయోగం ఉండదు. తన గొంతు తన చెవికి చేరేదాకా ఆమె దాన్ని నెడుతూనే ఉంటుంది. ప్రదర్శనలు నెలకు ఒకటికి తగ్గిస్తే గొంతు కోలుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, అది మంచిదే. కానీ ఆ ఒక్క రాత్రి తగిలే దెబ్బ మాత్రం తగులుతూనే ఉంటుంది.

చిన్న గదిలో శబ్దం ఏ మట్టం నుంచి మొదలవ్వాలో డ్రమ్స్ నిర్ణయిస్తాయి, ఎందుకంటే తగ్గించడానికి వాటికి నాబ్ ఉండదు. డ్రమ్స్‌లో చురుక్కుమని మోగే స్నేర్ దెబ్బను దాటి వినబడాలని గిటారు పెరుగుతుంది, గిటారు కింద అణగిపోతున్నానని బేస్ పెరుగుతుంది, ఆ రెంటి మధ్య తన దెబ్బ తనకు తెలియక డ్రమ్మర్ ఇంకాస్త బలంగా కొడతాడు. ఈ పోటీలో ఓడిపోయేది కండరాలతో పాడే మనిషే. అప్పుడందరూ నా వైపు తిరిగి మానిటర్‌లో, అంటే పాడేవారికి తమ గొంతు వినబడేలా వారి వైపు తిప్పి పెట్టే స్పీకరులో, గొంతు పెంచమంటారు. పెంచుతాను, కూత మొదలవుతుంది, ఆ తరువాత తిట్లు నాకు.

ఆ కూత ఎందుకు వస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మైకులో పడిన శబ్దం మానిటర్ నుంచి బయటికి వచ్చి, మళ్ళీ అదే మైకులో పడి, చుట్టు తిరిగిన ప్రతిసారీ పెరుగుతూ పోతే ఆ కీచుదనం పుడుతుంది. వేదిక మీద రొద ఎక్కువైతే గాయనికి మానిటర్ గట్టిగా కావాలి. మానిటర్ గట్టిగా పెడితే ఆ చుట్టు పూర్తవుతుంది. పైగా మైకుకు గాయని గొంతు ఒక్కటే తెలియదు, ఆమె తల వెనుక రెండు గజాల దూరంలో మోగుతున్న సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్ళేలు) కూడా అందులోనే పడతాయి. అప్పుడు గొంతు పెంచడమంటే సింబల్స్‌ను కూడా పెంచడమే.

మీ దగ్గర ఏ మైకు ఉందో చూసుకోండి. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 వంటి కార్డియాయిడ్ మైకు, అంటే ముఖ్యంగా ముందు నుంచి వచ్చే శబ్దాన్నే తీసుకునే మైకు, సరిగ్గా తన వెనుక నుంచి వచ్చే శబ్దాన్ని అతి తక్కువగా తీసుకుంటుంది, కాబట్టి మానిటర్‌ను మైకు తోకకు ఎదురుగా నేల మీద పెట్టాలి. ముందువైపు ఇంకా ఇరుకుగా వినే సూపర్‌కార్డియాయిడ్ మైకు అయితే అది పూర్తిగా చెవిటిగా ఉండేది నడి వెనుక కాదు, వెనుక భాగంలో ఇరుపక్కల. ముందువైపు నుంచి కొలిస్తే సుమారు 126 డిగ్రీల దగ్గర. దానికి మానిటర్‌ను కాస్త పక్కకు జరపాలి. రెంటికీ ఒకే చోట మానిటర్ పెట్టి, మైకు మంచిది కాదని తిట్టుకునేవారిని చాలామందిని చూశాను. ఇంకొక మాట, పాట ఊపులో మైకు జాలీని గుప్పిట్లో మూయవద్దని గాయనికి చెప్పండి. వెనుక నుంచి గాలి వెళ్ళే దారి మూసుకుపోతే మైకు అన్ని వైపుల నుంచీ శబ్దం లాగుతుంది, కూత వెంటనే మొదలవుతుంది.

ఇక గిటారు యాంప్. 12 అంగుళాల స్పీకరు నుంచి పదునైన స్వరాలు సన్నని కిరణంలా తిన్నగా వెళ్తాయి. యాంప్ నేల మీద ఉండి, గిటారిస్టు దానికి రెండడుగుల దూరంలో నిలబడితే ఆ కిరణం అతడి మోకాళ్ళకు తగులుతుంది. అతడికి మొద్దుగా వినబడుతుంది కనుక ట్రెబుల్ పెంచుతాడు. ఎదురుగా కూర్చున్నవాడి చెవిలో అది సూదిలా దిగుతుంది. యాంప్‌ను కుర్చీ మీద పెట్టండి, లేదా అతడి ముఖం వైపు వెనక్కు వాల్చండి. చెప్పకుండానే తగ్గించుకుంటాడు. 30 వాట్ల యాంప్ బదులు 15 వాట్లది తెచ్చుకుంటే శబ్దం సగమవుతుందని కూడా భ్రమపడవద్దు, తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. యాంప్ మార్చడం కంటే దాని ముఖం తిప్పడం వల్లే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఇవన్నీ ప్రదర్శన రోజున కుదరవు. ఒక సాధన సాయంత్రాన్ని దీనికే కేటాయించండి. ముందు గాయని, డ్రమ్మర్ ఇద్దరే ఒక పాట చేయాలి. ఆమె మామూలుగా పాడుతూ తనను తాను వినగలిగేంతవరకు అతడు తగ్గాలి. సన్నని కర్రలతోనో, పుల్లల కట్టలాంటి రాడ్స్‌తోనో వాయించి చూడవచ్చు. తరువాత బేస్, చివర గిటారు. వరుస తిరగబడితే పాత పోటీ మళ్ళీ మొదలవుతుంది.

చెవుల మాట కూడా చెప్పాలి. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. అంటే 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. నాలుగు గోడల సాధన గదిలో డ్రమ్స్ పక్కన 100 దాటడం కష్టమేమీ కాదు. మామూలు నురుగు బిరడాలు పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి కాబట్టి సంగీతకారుల కోసం చేసే ఫిల్టరు బిరడాలు కొనుక్కోండి. అవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి.

గొంతు ప్రతిసారీ ఇలా బొంగురుపోతోందంటే అది అలసట మాత్రమే అని మీకు మీరే తీర్మానించుకోకండి. స్వరపేటికను చూడగలిగిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరకు ఆమె ఈ వారమే వెళ్ళడం మంచిది.

ఆరో తంతి

సౌండ్ గురించి పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ మీ గిటారు మిత్రుడి పక్షాన ఒక మాట చెప్పేవారు ఎవరైనా ఉండాలి కదా. బీటిల్స్ బృందం 1960 ఆగస్టు నుంచి 1962 డిసెంబరు లోపల ఐదు విడతలు హాంబుర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి వాయించింది. ఆ కష్టం తరువాతే ఆ బృందం వాయిద్యం ఒక్కటైంది. సాధన గదిలో వందసార్లు వాయించినా రాని పట్టు, అపరిచితుల ముందు పదిసార్లు వాయిస్తే వస్తుంది. తంతి తెగినప్పుడు పాట ఆపకుండా ఎలా నెట్టుకురావాలో, ఎదురుగా ఉన్నవారు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు ఏ పాట ముందుకు జరపాలో మరెక్కడా నేర్చుకోలేము. మూడేళ్ళ వయసున్న బ్యాండ్ నెలకు ఒకటితో సరిపెట్టుకుంటే, ప్రతిసారీ మొదటి రెండు పాటలు తుప్పు వదిలించుకోవడానికే పోతాయి. గొంతు బాగయ్యేదాకా తగ్గించండి, తరువాత మళ్ళీ పెంచండి. తగ్గించడమే అలవాటుగా మారనివ్వకండి.

తలుపు దగ్గర బల్ల

ఆరో తంతి గారు చెప్పిన హాంబుర్గ్ ఉదాహరణ ప్రతి బ్యాండ్‌లోనూ ఎవరో ఒకరు ఎత్తుతారు. అక్కడ ఆ బృందం ఊరు మారలేదు, రాత్రికి రాత్రి సామాను ఎత్తి దించలేదు. ఓడరేవు నగరం కావడంతో ఎదుటి జనమే మారుతూ వచ్చారు. నాలుగు తంతులు గారి లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. వారు ఊరంతా తిరుగుతున్నారు, ఎదుట కూర్చునే 20 మంది మాత్రం మారడం లేదు.

నేను ఒక చిన్న సాంస్కృతిక కేంద్రంలో సంగీత సాయంత్రాలు నిర్వహిస్తాను. ఎవరిని పిలవాలో, ఎవరిని రెండోసారి పిలవకూడదో నిర్ణయించేది నేనే. ఒకే ఊళ్ళో రెండు వారాల తేడాతో రెండు చోట్ల వాయించే బ్యాండ్‌ను పిలవడానికి నేను వెనుకాడతాను, ఎందుకంటే వారి మిత్రులు ఆ రెంటిలో ఒకదానికే వస్తారు, అది నాది కాకపోవచ్చు. ఒకే ఊళ్ళో మీ పేరుతో జరిగే ప్రదర్శనల మధ్య కనీసం ఐదారు వారాలు విడువండి. మధ్యలో వచ్చే పిలుపుల్లో, మిమ్మల్ని ఎప్పుడూ వినని జనం ఉండేవి మాత్రమే ఒప్పుకోండి. అంటే వేరే ఊళ్ళో ప్రదర్శన, లేదా మీకంటే కాస్త పేరున్న బ్యాండ్‌కు ముందు అరగంట. ఆ అరగంటలో ఐదారు పాటలే ఉంటాయి కాబట్టి గాయని మీద భారం కూడా తక్కువే.

కాదంటే మళ్ళీ పిలవరన్న భయం గురించి నా అనుభవం వేరు. అడిగిన రోజునే రెండు వాక్యాల్లో రాలేమని చెప్పి, ఫలానా నెల తరువాత అయితే రాగలమని కలిపినవారి పేరు నా పుస్తకంలో ఆ నెల పేజీలోకి ఎక్కుతుంది. తొమ్మిది రోజులు జవాబివ్వకుండా, మాలో మేము మాట్లాడుకుంటున్నామని తరువాత రాసేవారితోనే నాకు తంటా. ఒప్పుకుని చివరి రెండు రోజుల్లో మానుకునేవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

రెండోసారి పిలవడానికి నేను జనం సంఖ్య ఒక్కటే చూస్తానని అందరూ అనుకుంటారు. కొన్ని నెలల కిందట ఒకే రాత్రి మూడు బ్యాండ్‌లు వాయించాయి. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కడానికి మధ్యలో 15 నిమిషాలే ఉంది. మొదటి బ్యాండ్ డ్రమ్మర్ తన సింబల్ స్టాండ్లను వేదిక మీదే కూర్చుని ఒక్కొక్క మర విప్పి, గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తరువాతి బ్యాండ్ పెట్టెలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడే ఉంది. రెండో బ్యాండ్ మాత్రం చివరి పాట ముగియగానే స్టాండ్లను ఉన్నవి ఉన్నట్టే ఎత్తి పక్క గదిలోకి చేర్చి, అక్కడ తీరిగ్గా విప్పుకుంది. నాలుగు నిమిషాల్లో వేదిక ఖాళీ. ఆ రాత్రి ఆ రెండో బ్యాండ్ కోసం వచ్చింది తొమ్మిది మందే. అయినా ఈ మధ్య వారిని మళ్ళీ పిలిచాను.

వెళ్ళే ముందు ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎన్ని మైకులు, ఎన్ని డీఐ బాక్సులు (వాయిద్యాన్ని నేరుగా సౌండ్ మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టెలు) కావాలో చూపే ఒక పేజీ బొమ్మ పంపండి. డ్రమ్స్ అక్కడే ఉంటాయా, స్నేర్, సింబల్స్, పెడల్, కూర్చునే స్టూలు మాత్రం తెచ్చుకుంటే చాలునా అని అడగండి. సాధారణంగా అవి ఎవరివి వారే తెచ్చుకోవాలి. మిగతావి అక్కడే దొరికితే మీకు వ్యాను బదులు ఒక కారు సరిపోవచ్చు. డబ్బు విషయంలో అడగవలసింది ఎంత శాతం అన్నది మాత్రమే కాదు. ఆ శాతం మొత్తం వసూలు మీదనా, సౌండ్ ఖర్చు తీసివేశాక మిగిలిన దాని మీదనా అన్నది ముందే రాతలో అడిగి తెలుసుకోండి. వసూలు తక్కువగా ఉన్న రాత్రి ఈ రెంటి మధ్య తేడా మీ ప్రయాణ ఖర్చంత ఉంటుంది.

పాత డ్రమ్ము కర్రలు

నేను పద్నాలుగేళ్ళు ఒకే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాను. మీరు రాసిన వ్యాను సంభాషణ దాదాపు మాటకు మాట మా వ్యానులోనూ జరిగింది. అప్పుడు నేను కూడా ఇద్దరి మాటలకూ తలూపాను. డ్రమ్మర్ తలూపితే ఒప్పుకున్నట్టు కాదు, గొడవ తొందరగా ముగియాలని కోరుకుంటున్నట్టు. అతణ్ణి విడిగా కూర్చోబెట్టి, ఎన్ని ప్రదర్శనలు కావాలో అంకె చెప్పమనండి. నన్నెవరూ అలా అడగలేదు. నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాదే.

ఎవరి మాట మీద ఎంతమంది వచ్చారన్న లెక్కను ఇక ఎత్తవద్దు. వచ్చినదంతా ఒక ఉమ్మడి నిధిలో వేసి, అందులోంచి ముందు ప్రయాణం, సాధన గది అద్దె, తంతులు, కర్రలు వంటి ఖర్చులు తీసి, మిగిలితే రికార్డింగ్ కోసం ఉంచండి. లెక్క నలుగురూ చూడగలిగేలా ఒకే చోట ఉండాలి. జేబులోంచి పెట్టినది కూడా అందులోనే రాయాలి, లేకపోతే ఏడాది తరువాత ప్రతి ఒక్కరూ తానే ఎక్కువ పెట్టానని నిజాయితీగానే నమ్ముతారు.

పాటల సంగతి రికార్డింగ్‌కు ముందే తేల్చుకోండి. ఇక్కడ రెండు వేరు వేరు హక్కులున్నాయని చాలామంది గమనించరు. మాటలు, బాణీ కలిసి పాట అవుతాయి, అది రాసినవారిది. ఆ పాటను ఒక రోజున మీరు నలుగురూ వాయించి ముద్రించినది రికార్డింగ్, దానికి వేరే హక్కు ఉంటుంది. గాయని, గిటారు మిత్రుడు పాట హక్కును చెరిసగం పంచుకున్నా, రికార్డింగ్‌లో నలుగురికీ సమాన వాటా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో రచనకు హక్కు రావడానికి ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. కానీ ఎవరికి ఎంత అన్నది మీరు రాసుకోకపోతే, తరువాత చెప్పడానికి జ్ఞాపకాలు తప్ప ఏమీ ఉండవు. అమెరికన్ బృందం ఆర్.ఇ.ఎమ్. తమ పాటలను నలుగురి పేరుతో సమానంగా వేసుకునేది. 1997లో డ్రమ్మర్ బిల్ బెరీ వెళ్ళిపోయినా మిగిలిన ముగ్గురూ 2011 దాకా కలిసే సాగారు. అందరికీ అదే పద్ధతి సరిపడుతుందని నేను అనను. అన్ని మాటలూ ఒక్కరే రాసే బ్యాండ్‌లో సమాన వాటా ఆ ఒక్కరికి లోలోపల ముల్లులా గుచ్చుకోవచ్చు. పాట పూర్తయిన రోజునే ఒక కాగితం మీద పేర్లు, శాతాలు, తేదీ, నాలుగు సంతకాలు ఉంటే చాలు. ఎవరైనా వెళ్ళిపోతే బ్యాండ్ పేరు ఎవరికి మిగులుతుందో కూడా అందులోనే రాసుకోండి. మా దగ్గర ఆ పేరు మీద జరిగినంత రగడ పాటల మీద జరగలేదు.

ఇంకొకటి, మీ పాటలు మీరే వాయించుకున్నా ప్రదర్శన రాయల్టీ, అంటే పాటను జనం ముందు వాయించినందుకు రాసినవారికి చెందే సొమ్ము, రావచ్చు. 1847లో పారిస్‌లోని అంబాసదేర్ కెఫేలో ఎర్నెస్ట్ బూర్జే అనే రచయిత కూర్చుని ఉండగా, అతడి పాటనే అనుమతి లేకుండా పాడారట. నా పాటకు మీరు డబ్బివ్వనప్పుడు మీ పానీయానికి నేనెందుకు ఇవ్వాలని అతడు బిల్లు కట్టడానికి నిరాకరించాడు. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్ళింది, అతడే గెలిచాడు. 1851లో సాసెమ్ అనే రాయల్టీ వసూలు సంఘం ఏర్పడింది. అలాంటి సంఘాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. వేదికలు వాటికి లైసెన్సు రుసుము కడతాయి. మీ దేశంలోని అలాంటి సంఘంలో సభ్యులై, పాటలు నమోదు చేసి, వాయించిన పాటల జాబితా సమర్పించే వీలుంటే ప్రతి ప్రదర్శన తరువాత సమర్పించండి. చిన్న వేదికల నుంచి వచ్చేది చిన్న మొత్తమే. అయినా ఆ దరఖాస్తులో వాటాలు నింపమని ఒక గడి ఉంటుంది, దాన్ని నింపాలంటే నలుగురూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు.

నాలుగు తంతులు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఏదైనా జరిగాకే రాద్దామని ఆగాను.

గాయని వైద్యుడికి చూపించుకుంది. స్వరతంతువుల మీద వాపు తప్ప గడ్డలేమీ లేవన్నారు. రెండు వారాలు పాడవద్దన్నారు. ఆ రెండు వారాల్లో వచ్చిన ఒక పిలుపుకు ఆ రోజే రెండు వాక్యాల్లో జవాబు రాశాను. మరుసటి ఉదయమే తిరుగు జవాబు వచ్చింది, పై నెలకు తేదీ అడుగుతూ.

ఆమె కోలుకున్నాక సాధన సాయంత్రం జరిగింది. మొదటి అరగంట గాయని, డ్రమ్మర్ ఇద్దరే. ఆమె తనను తాను వినగలిగే మట్టానికి అతడు దిగేసరికి మేమిద్దరం ముఖాలు చూసుకున్నాము. మూడేళ్ళలో అతడు ఎప్పుడూ అంత మెల్లగా వాయించలేదు. అతడే చెప్పాడు, గిటారు వినబడక తాళం తప్పుతానేమోనన్న భయంతో బలంగా కొడుతూ వచ్చానని. గిటారు యాంప్‌ను కుర్చీ మీద పెట్టగానే మా మిత్రుడు మొదటి మీటుకే ఉలిక్కిపడి ట్రెబుల్ నాబ్‌ను ఎనిమిది నుంచి నాలుగుకు తిప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు, కాసేపు అతడూ ఏమీ అనలేదు. నా వంతు వచ్చేసరికి, నేను ఇన్నాళ్ళూ పెట్టుకున్న దానిలో సగం దగ్గరే నా బేస్ నాకు వినబడింది.

డ్రమ్మర్‌ను విడిగా అడిగాను. నెలకు రెండు అన్నాడు, వెంటనే, ముందే అనుకుని ఉంచుకున్నట్టుగా. చివరికి ఊళ్ళో ఆరు వారాలకు ఒకటి, బయట నెలకు ఒకటి అని రాసుకున్నాము. గిటారు మిత్రుడికి ఇది ఇంకా తక్కువే అనిపిస్తోంది. ఆరో తంతి గారి సమాధానాన్ని మాకు బిగ్గరగా చదివి వినిపించాడు కూడా.

నిన్న ఆ ఒప్పందం ప్రకారం మొదటి ప్రదర్శన ఇచ్చాము, వేరే బ్యాండ్‌కు ముందు అరగంట. మూడో పాటలో గాయని వెనక్కి తిరిగి అరచేయి కిందికి అదిమింది. ఈసారి ఆ సైగకు ఒకటే అర్థమని ముందే అనుకున్నాము, మొదట తగ్గవలసింది నేనేనని కూడా. తగ్గాను. సామాను సర్దుకునేటప్పుడు ఆమె మామూలు గొంతుతో, నా కేబుల్ తన సంచిలో పడిందని చెప్పింది.

కాగితం మీద మూడు పాటలకు శాతాలు రాసి సంతకాలు చేశాము. నాలుగో పాట దగ్గర ఆగాము. దాని పల్లవి నేను వాయించిన బేస్ వరుస మీద పుట్టిందని నేనంటున్నాను, బాణీ అప్పటికే తన మనసులో ఉందని గిటారు మిత్రుడు అంటున్నాడు. ప్రస్తుతానికి దాన్ని రికార్డింగ్ జాబితా నుంచి తీసి పక్కన పెట్టాము. వచ్చే నెలలో మూడు పాటలే విడుదలవుతాయి.